చల్లని నీళ్లలో బ్యాక్టీరియా పెరుగుదల: ల్యూసినా, మైక్రోస్కోపా?

అలాస్కాలోని టూలిక్ సరస్సు లాంటి టండ్రా నీళ్ల గురించి చదివి, తిరుపతిలో మైక్రోబయాలజీ చేసే పిల్లలు చాలామంది అడిగే ప్రశ్న ఇది: అక్కడి బ్యాక్టీరియా ఎంత పెరుగుతోందో ల్యూసిన్‌తో కొలవాలా, మైక్రోస్కోప్‌తోనా?

ల్యూసిన్: ఇదొక అమైనో ఆమ్లం. నీళ్లలో రేడియోధార్మిక ల్యూసిన్ కలిపితే బ్యాక్టీరియా దాన్ని ప్రోటీన్‌లో చేర్చుకుంటుంది. ఎంత చేరిందో రేడియోధార్మికతను కొలిచే సింటిలేషన్ కౌంటర్ చెబుతుంది.
మైక్రోస్కోప్: డీఎన్ఏకు అంటుకునే డాపి రంగు వేసి, నల్ల ఫిల్టర్ మీద నీలంగా మెరిసే కణాలను లెక్కపెట్టాలి. కొంతకాలం తర్వాత మళ్లీ లెక్కపెట్టి సంఖ్య ఎంత పెరిగిందో చూడాలి.

ఖర్చు, రిస్క్: ల్యూసిన్‌కు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, వ్యర్థాలకు వేరే ఏర్పాటు కావాలి. ఇందులో వాడే రేడియోధార్మిక హైడ్రోజన్, అంటే ట్రిటియం, అర్ధాయువే 12.3 ఏళ్లు. మైక్రోస్కోప్‌కు ఆ బెడద లేదు, గ్లౌజులు చాలు.

శ్రమ: లెక్కపెట్టేవాళ్ల కళ్లు లాగేస్తాయి.

అసలు తేడా చలిలోనే తెలుస్తుంది. 2–4 డిగ్రీల్లో కణాలు రెట్టింపు కావడానికి రోజులు పట్టొచ్చు. ఈలోగా ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు బ్యాక్టీరియాను తినేస్తూ ఉంటే సంఖ్య కదలదు, పెరుగుదలే లేదనిపిస్తుంది. ల్యూసిన్ కొన్ని గంటల్లోనే తేల్చేస్తుంది. ఒక ట్యూబులో మాత్రం మొదట్లోనే టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం) వేసి బ్యాక్టీరియాను చంపాలి. మిగతా ట్యూబుల రీడింగుల్లోంచి ఆ రీడింగ్‌ను తీసివేయకపోతే ఫలితం నమ్మలేం.

ఏ పద్ధతైనా సీసా సరస్సు చల్లదనంలోనే ఉండాలి. మన మే నెల ఎండల్లో బల్లమీద పెడితే కొలిచేది మన గది వేడినే. అంత చల్లదనాన్ని నిలకడగా ఉంచే ఇంక్యుబేటర్ తప్పనిసరి.

అనుమతి ఉన్న ల్యాబ్, పీహెచ్‌డీ, వాగులను పోల్చే పని అయితే ల్యూసిన్. కల్యాణి డ్యామ్ నీళ్లతో చేసే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మైక్రోస్కోపే మేలు, కాకపోతే ముందు నీళ్లను వడగట్టి ప్రోటోజోవాను తీసేయండి.