చిన్న విమానంలో బహామాస్ నుంచి ఇంటికి: 11 ఏళ్లుగా వాడుతున్న ఈఏపిస్ గురించి

మేం ఫ్లోరిడాలో టాంపా దగ్గర ఉంటాం. నలుగురు పట్టే సెస్నా 182 అనే చిన్న విమానం ఒకటుంది, ముగ్గురు మిత్రులం వాటాలు వేసుకుని కొన్నాం. 11 ఏళ్లుగా ఏడాదికి రెండు మూడు సార్లు దాంట్లో బహామాస్ వెళ్లొస్తున్నాను. ఈ మధ్య మనవాళ్లలో కొత్తగా పైలట్ లైసెన్సు తీసుకున్న కుర్రాళ్లు చాలామంది కనబడుతున్నారు. సముద్రం మీద ఎగరడం కంటే తిరిగొచ్చాక కస్టమ్స్ అంటేనే వాళ్లకు టెన్షన్. మొదటిసారి నాకూ అంతే. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఎయిర్‌లైన్‌లో వస్తే మన వివరాలన్నీ వాళ్లే ముందు పంపేస్తారు. మనం వరసలో నిలబడి పాస్‌పోర్టు చూపిస్తే చాలు. సొంత విమానంలో ఆ పని పైలట్‌ది. అమెరికా కస్టమ్స్ శాఖ, అందరూ సీబీపీ అంటారు, దీనికోసం ఈఏపిస్ అనే వెబ్‌సైటు నడుపుతోంది. 2009 మే 18 నుంచి ఇది తప్పనిసరి. దేశం దాటేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి, బయల్దేరడానికి కనీసం 60 నిమిషాల ముందు విమానం వివరాలు, లోపల కూర్చునే ప్రతి ఒక్కరి వివరాలు అందాలి. రుసుమేమీ లేదు.

సైటు చూడ్డానికి పాతకాలంది. ఫోన్‌లో నింపడం నరకం, ల్యాప్‌టాప్ దగ్గరుంటేనే కూర్చోండి. కానీ ఇన్నేళ్లలో నేను పంపినది ఒక్కటీ పోలేదు. వివరాలు పంపాక బయల్దేరొచ్చని వాళ్ల నుంచి మెయిల్ రావాలి, అది రాకపోవడమనేది కూడా నాకెప్పుడూ జరగలేదు, చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే వచ్చేసింది. ద్వీపాల్లో ఇంటర్నెట్‌ను నమ్మలేం కాబట్టి వెళ్లే ముందే ఇంట్లో కూర్చుని రానుపోను రెండూ పంపేస్తాను. తర్వాత టైము మారితే ఫోన్‌లో చెప్పొచ్చు. కొత్త మనిషి ఎక్కితే మాత్రం మళ్లీ మొదటి నుంచి పంపాలి, మళ్లీ మెయిల్ వచ్చేదాకా ఆగాలి.

నాకు నచ్చని సంగతి ఒకటుంది. ఈఏపిస్‌లో పంపినంత మాత్రాన దిగడానికి అనుమతి వచ్చినట్టు కాదు. దిగబోయే ఎయిర్‌పోర్టులోని కస్టమ్స్ ఆఫీసుకు విడిగా ఫోన్ చేసి, ఇన్ని గంటలకు వస్తున్నాం అని చెప్పి, సరే అనిపించుకోవాలి. దక్షిణం నుంచి వచ్చేవాళ్లు తీరం దాటడానికి కనీసం గంట ముందు ఈ కబురు అందించాలి. ఒకే శాఖ, ఒకే విమానం, రెండు దారులు. సైటులోనే ఆ ఆఫీసుకు టైము చేరి, అక్కడి నుంచే సరే అని వచ్చే ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేదో!

దీనివల్ల ఒకసారి బాగా ఇబ్బంది పడ్డాం. 2017 జూలైలో ఒక చిన్న ఎయిర్‌పోర్టుకి వచ్చాం, దాని పేరు చెప్పను. ఫోన్‌లో రెండున్నరకు వస్తాం అన్నాను, సరే రండి అన్నారు. తీరా దిగాక చూస్తే ఎవరూ లేరు. అవతల మూడున్నర అని రాసుకున్నారట. పైగా వెనక గాలి కలిసొచ్చి మేమూ పావుగంట ముందే దిగాం. అధికారి వచ్చేదాకా విమానం దగ్గరే ఉండాలి, ఎటూ వెళ్లకూడదు. ఆ ఎండలో తలుపులు తెరిచిపెట్టి, నాలుగేళ్ల మా పాపకు తడిగుడ్డతో తుడుస్తూ గంటకు పైగా కూర్చున్నాం. మా అత్తగారు "బాబూ, కాస్త నీడకైనా వెళ్లకూడదా?" అని అడుగుతుంటే కాదనాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకా నాలో ఉంది. అప్పటి నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ మాట్లాడినవాళ్ల పేరులో మొదటి అక్షరాలు, మాట్లాడిన టైము రాసుకుంటాను. చెప్పిన టైము వాళ్ల చేత మళ్లీ పలికిస్తాను. నీళ్లు, చేత్తో విసురుకునే విసనకర్ర విమానంలో ఎప్పుడూ ఉంటాయి.

ఇప్పుడు దాదాపు ప్రతిసారీ ఫోర్ట్ పియర్స్‌లోనే దిగుతాను. దక్షిణం నుంచి వచ్చే ప్రైవేటు విమానాలు ఎక్కడపడితే అక్కడ దిగకూడదు, ముందు సీబీపీ జాబితాలో ఉన్న ఎయిర్‌పోర్టులో దిగి కస్టమ్స్ ముగించుకోవాలి. బహామాస్ నుంచి వచ్చేవాళ్లకు ఫోర్ట్ పియర్స్ సులువు. బహామాస్‌లోని మార్ష్ హార్బర్ నుంచి మా విమానానికి గంటా ఇరవై నిమిషాలు. ఫ్లైట్ ప్లాన్ వేసి ఉండాలి, తీరానికి దూరంగా ఉండగానే కంట్రోలర్‌తో మాట్లాడి, రాడార్‌లో మన విమానాన్ని గుర్తుపట్టే ట్రాన్స్‌పాండర్ కోడు తీసుకోవాలి. దిగాక నేరుగా కస్టమ్స్ భవనం ముందుకు పోనిచ్చి, ఇంజిన్ ఆపి, వాళ్లు చెప్పినట్టు చేయడమే. సామానంతా లోపలికి మోసుకెళ్లాలి. రద్దీ లేకపోతే పావుగంటలో బయటపడతాం. అక్కడి అధికారులు ఓపికగా మాట్లాడతారు. కొత్తవాళ్లైతే ఏ కాగితం ఎందుకో విడమరిచి చెప్పడం నేను కళ్లారా చూశాను.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది పేర్ల గురించి. మా అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. దాంతో అమెరికా వీసా మీద ఆమె పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే పేరు తెలియదు (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడింది. ఈఏపిస్ రెండు గడులూ నింపమంటుంది. నేను వీసా మీద ఎలా ఉందో అలాగే కొట్టాను, కౌంటరు దగ్గర ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఇంటిపేరు మనకు అలవాటైన చోట పెట్టి, పాస్‌పోర్టులో వేరేలా ఉంటే తంటాలే. పంపిన వివరాలు పాస్‌పోర్టుతో సరిపోయాయా అని చూసే బాధ్యత నిబంధన ప్రకారం పైలట్‌దే. అందుకే ఎక్కే ముందు ఒక్కొక్కరి పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని అక్షరం అక్షరం చూస్తాను. ఇంట్లోవాళ్లే కదా అని వదిలేయను.

వీసా మీద ఉన్నవాళ్లను ఎక్కించుకునేటప్పుడు ఇంకా జాగ్రత్త. పాస్‌పోర్టులో హెచ్‌1బీ వీసా స్టాంపు గడువు అయిపోయిన మిత్రుడొకడు, కెనడా వెళ్లొచ్చినట్టే వచ్చేయొచ్చు కదా అన్నాడు. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లొచ్చేవాళ్లకు, గడువు అయిపోయిన స్టాంపుతోనే తిరిగొచ్చే వెసులుబాటు ఉంది. బహామాస్ లాంటి చుట్టుపక్కల ద్వీపాలకు మాత్రం అది ఎఫ్, జె వీసాల వాళ్లకే, హెచ్‌1బీకి వర్తించదు. తీసుకెళ్లి ఉంటే వాణ్ణి అక్కడే వదిలేసి రావాల్సి వచ్చేది. ఇంకొకరి విషయంలో పాస్‌పోర్టు ఐదు నెలల్లో ముగుస్తోంది, హెచ్‌1బీ మాత్రం రెండేళ్లుంది. తిరిగొచ్చాక వెబ్‌సైటులో ఐ-94, అంటే ఎప్పటిదాకా దేశంలో ఉండొచ్చో చెప్పే రికార్డు, చూసుకుంటే గడువు పాస్‌పోర్టు ముగిసే తేదీకే ఆగిపోయింది. అది అధికారి పొరపాటు కాదు, మేమే ముందు చూసుకోవాల్సింది. పాస్‌పోర్టు కొత్తది తీసుకుని, మరోసారి దేశం దాటి వచ్చాకే సరైంది. ఇంటికి చేరిన రోజే ఐ-94 చూసుకోమని నాతో వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

తిండి సంగతి. ఒకసారి అత్తగారు అక్కడి సంతలో మామిడిపళ్లు చూసి మనసాగక నాలుగు కొన్నారు. ఉన్నాయని కౌంటరులో ముందే చెప్పాం. మర్యాదగా తీసి పక్కన పెట్టారు, జరిమానా లేదు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు కరివేపాకును ఆపేదీ ఇలాంటి కారణంతోనే, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది. ఫ్లోరిడాలో నారింజ తోటలు ఆ తెగులుకి ఎలా పాడైపోయాయో చూసినవాణ్ణి, ఈ తనిఖీ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. విమానంలో మిగిలిన తిండి, చెత్త సంచీ కూడా విదేశీ చెత్త కిందే లెక్క. అందుకే చెత్తంతా బహామాస్‌లోనే వదిలి బయల్దేరతాం.

కాగితాల్లో పైలట్ లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్, విమానం రిజిస్ట్రేషన్ అందరికీ గుర్తుంటాయి, రేడియో లైసెన్సు మర్చిపోతారు. విమానం పక్కన నంబరు అక్షరాలు 12 అంగుళాల ఎత్తుండాలి. మావి చిన్నవి, కాబట్టి ప్రతి ట్రిప్పుకీ టేపుతో పెద్దవి అంటిస్తాం. ఏటా సీబీపీ డెకాల్, అంటే విమానానికి అంటించే స్టిక్కరు, కొనాలి, 30 డాలర్ల పైచిలుకు. డిసెంబరు 31తో దాని గడువు ముగుస్తుంది, జనవరి ట్రిప్పు ఉంటే ముందే ఆర్డరు పెట్టుకోవాలి. ఇవన్నీ చిన్నవిగా కనిపిస్తాయి గానీ, కబురు చేయకుండా దిగడం లాంటి తప్పుకు పైలట్ మీద మొదటిసారి 5,000 డాలర్లు, ఆ తర్వాత ప్రతిసారీ 10,000 డాలర్ల జరిమానా పడొచ్చు.

ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఒకటి తగ్గించింది ఆ ఫోన్ వల్లే. మార్చిలో మా నాన్నగారు మొదటిసారి వస్తున్నారు, ఆయన్ని సముద్రం మీదుగా తీసుకెళ్లాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటో తీసి పంపమని నిన్ననే అడిగాను. ముందుగా ఇంటిపేరు గడి చూడాలి.