వంజంగి కొండ కింద టెంటులో ఒక రాత్రి

సంక్రాంతికి ముందు శనివారం మా తమ్ముడు, పదేళ్ల మా అమ్మాయి, నేను పాడేరు దగ్గరి వంజంగి కొండ కింద టెంటులో పడుకున్నాం, తెల్లవారుజామున కొండెక్కి లోయలో నిండే పొగమంచు చూద్దామని. విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి, పాడేరులో మోదకొండమ్మ తల్లికి దండం పెట్టుకొని, చీకటి పడకముందే చేరుకున్నాం. టెంట్లు వేసేది ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రవాళ్లే. మాకు దొరికిన అబ్బాయి ఫోనులోనే ఉన్నమాట చెప్పాడు. "అక్కా, కరెంటు ఉండదు, వేడినీళ్లు ఉండవు. దుప్పట్లు మీరే తెచ్చుకోండి." అంత నిజాయితీగా చెప్పినందుకే అతని దగ్గర తీసుకున్నాను.

టెంటు గట్టిది, జిప్పులు సరిగా పడ్డాయి. కానీ కింద పరిచిన చాప పలచన. చలి పైనుంచి కన్నా నేలలోంచే ఎక్కువ వస్తుంది. దగ్గర్లోని లంబసింగి, చింతపల్లి వైపు చలికాలంలో పది డిగ్రీల లోపుకు పడిపోతుందని తెలిసీ కప్పుకోవడానికే తెచ్చుకున్నాం, పరుచుకోవడానికి తేలేదు. మీరు తప్పక ఒక బొంత తీసుకెళ్లండి. ఇంకొకటి, చలికి భయపడి అన్నీ బిగించి పడుకుంటే మన ఊపిరే గుడ్డకు నీళ్లై పడుతుంది. రెండింటికి మెలకువ వచ్చేసరికి మా అమ్మాయి టోపీ తడిసి ఉంది. పైన జానెడు సందు వదిలాక చెమ్మ తగ్గింది.

రాత్రి భోజనం బొంగులో చికెన్. మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాల్చారు. నూనె చుక్క వేయలేదు. బొంగు నల్లబడి, మూతి దగ్గర రసం సుయ్యిమనగానే తీసి ఆకులో వంచారు. ఆ వాసన ఇంకా నా శాలువాను వదల్లేదు.

ఇక బాగోలేనిది చెప్పాలి. అన్ని టెంట్లకూ కలిపి మరుగుదొడ్డి ఒక్కటే. టార్పాలిన్ చుట్టిన గది, తలుపుకు గడియ లేదు. మూడింటికే డ్రమ్ములో నీళ్లు అయిపోయాయి. నేను లోపల ఉంటే తమ్ముడు బయట టార్చి పట్టుకొని కాపలా నిలబడ్డాడు. కరెంటు లేకపోవడం వేరు, గడియ లేకపోవడం వేరు. మొదటిదానికి సిద్ధపడే వెళ్లాం. రెండోది ఆడవాళ్ల గురించి ఎవరూ ఆలోచించకపోవడం. తోడు లేకుండా వచ్చిన ఆడపిల్లలు ఏం చేస్తారు?

నాలుగున్నరకు ఎక్కడం మొదలుపెట్టాం. దారంతా రాళ్లు, చెప్పులతో కుదరదు. పిల్లతో మాకు గంటకు పైనే పట్టింది. తెల్లవారేసరికి కాళ్ల కింద లోయంతా తెల్లగా నిండి, దూరపు శిఖరాలు మాత్రం దీవుల్లా తేలుతున్నాయి. "అమ్మా, ఇవి మబ్బులా, మంచా?" అంది మా అమ్మాయి. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి దిగుతుందని, అందులోని తేమే పొగమంచై నిండుతుందని, మనం దానికి పైన నిలబడ్డామని చెప్పాను. గాలి వీచినా, రాత్రంతా మబ్బు పట్టినా ఇంత నిండుగా కనిపించదు. మా అదృష్టం, ఆకు కదలలేదు. ఎండ తగిలాక ఆ తెలుపు అంచుల నుంచి విడిపోతూ, కింద ఊళ్లు ఒక్కొక్కటే బయటపడుతుంటే మా అమ్మాయి లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

దిగేటప్పుడు దారి పక్కన తుప్పల్లో నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు చూసి మనసు చివుక్కుమంది. అవి ఊరివాళ్లవి కావు, మనలాంటి వాళ్లు పారేసినవే. ఒక సంచి వెంట తీసుకెళ్లండి, మీ చెత్త మీరే కిందికి తెచ్చుకోవచ్చు.

డబ్బులిచ్చేటప్పుడు ఆ టెంటు అబ్బాయిని గడియ, నీళ్ల సంగతి అడిగాను. వచ్చే వారానికల్లా గడియ బిగించి, ఇంకో డ్రమ్ము పెడతానన్నాడు. ఈమధ్య వెళ్లినవాళ్లెవరైనా ఉంటే, పెట్టాడో లేదో చెప్పండి. ఫిబ్రవరిలో మా అమ్మను తీసుకెళ్లాలని ఉంది.