డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగింది, అందుకే ల్యాబ్‌కు పంపాను

మాది బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ. ఇల్లు మియాపూర్, ఆఫీసు కొండాపూర్. రోజూ పోను ఏడు, రాను ఏడు కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో. మార్చిలో ఒకరోజు పొద్దున్నే డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ మట్టం చూసే పుల్ల) తుడిచి చూస్తే ఆయిల్ పై గీత దాటి వేలు మందం ఎక్కువుంది. నేను చుక్క కూడా పోయలేదు. సర్వీస్ సెంటర్‌లో "పర్లేదు సార్, నార్మలే" అన్నారు. మా వీధి చివరి మెకానిక్ మాత్రం పుల్లను ముక్కు దగ్గర పెట్టుకుని, "డీజిల్ కలిసింది సార్, మీరూ చూడండి" అన్నాడు. నిజంగానే డీజిల్ వాసన.

ఇంజిన్ ఆయిల్ పరీక్ష చేసే ఒక ల్యాబ్‌కు 2,800 కట్టాను. పంపిన సీసా శుభ్రంగా ఉంది. శాంపిల్ తీసే పద్ధతి బాగా చెప్పారు: బండి వేడెక్కాక, డ్రెయిన్ తీసినప్పుడు మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. ఆరు రోజుల్లో రిపోర్టు వచ్చింది.

నాకు నచ్చనిది మొదటి పేజీయే. పైన పచ్చ రంగులో 'నార్మల్' అని ఉంది. ఐరన్ 31 పీపీఎం, సిలికాన్ 9, సోడియం 4. అంటే అరుగుదల, దుమ్ము, కూలెంట్ గురించి దిగులు లేదు. ఫ్యూయల్, అంటే ఆయిల్‌లో కలిసిన డీజిల్, '2 శాతం లోపు'. కానీ కింద విస్కాసిటీ, అంటే ఆయిల్ చిక్కదనం చూడండి: 100 డిగ్రీల దగ్గర 9.1 సెంటీస్టోక్స్. కొత్త ఆయిల్‌ది 12. 30 గ్రేడ్ అనాలంటే కనీసం 9.3 ఉండాలి. డబ్బా మీద 5డబ్ల్యూ-30 (చివరి 30 ఈ గ్రేడే), ఇంజిన్‌లో అంతకంటే పలచని 20 గ్రేడ్!

ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఓపిగ్గా చెప్పింది: "ఈ ప్యాకేజీలో ఫ్యూయల్‌ను ఫ్లాష్ పాయింట్‌ను, అంటే ఆయిల్ ఆవిరి నిప్పు అంటుకునే వేడిని బట్టి అంచనా వేస్తాం సార్. కచ్చితంగా కావాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ (కలిసినవాటిని విడదీసి కొలిచే పరీక్ష) చేయాలి, ఇంకో 1,200 అవుతుంది." చేయించాను. 6.5 శాతం వచ్చింది. మొదటిది అంచనా మాత్రమేనన్న మాట రిపోర్టులోనే రాసి ఉండాల్సింది.

ఎందుకిలా అయిందంటే, డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) పేరుకున్న మసిని కాల్చడానికి ఇంజిన్ ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతుంది. అందులో కొంత సిలిండర్ గోడల మీదుగా సంప్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి దిగుతుంది. ఏడు కిలోమీటర్లకే బండి ఆపేస్తే ఆ పని సగంలో ఆగి, మళ్లీ మొదటికొస్తుంది. పెట్రోల్ అయితే ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు చాలావరకు ఆవిరైపోతుంది, డీజిల్ అంత తేలిగ్గా పోదు. ఇంకో సంగతి: మసి ఆయిల్‌ను చిక్కబరుస్తుంది, డీజిల్ పలచన చేస్తుంది. రెండూ కలిస్తే విస్కాసిటీ బాగున్నట్టే కనిపించొచ్చు. ఆ ఒక్క అంకె చూసి ఊరుకోకూడదు. మసి, ఫ్యూయల్ రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి.

వెంటనే ఆయిల్ మార్పించాను. 10,000కు బదులు 5,000 కిలోమీటర్లకే మార్చాలని పెట్టుకున్నాను. ఆదివారాలు గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ దాకా ఆగకుండా వెళ్లొస్తున్నాం. 4,800 కిలోమీటర్ల దగ్గర పంపిన రెండో శాంపిల్‌లో ఫ్యూయల్ 2.4, విస్కాసిటీ 10.8.

మళ్లీ ఇదే ల్యాబ్‌కు పంపుతాను, క్రొమటోగ్రఫీతో కలిపి. మీరూ పంపేట్టయితే, అదే డబ్బాలోని కొత్త ఆయిల్ 100 మిల్లీలీటర్లు విడిగా సీసాలో పోసి పంపండి. ఆ 12 అనే అంకె నాకు అలా తెలిసిందే.