నెలకో బ్లాకు క్విల్ట్: కాగితం మేలా, గీత మేలా?

నెలకో బ్లాకు చొప్పున క్విల్ట్ (గుడ్డ ముక్కలతో చదరపు బ్లాకులు కుట్టి, వాటిని జోడించి చేసే బొంత) చేత్తో కుట్టబోయేవాళ్లు మొదటి బ్లాకు కత్తిరించక ముందే అడిగే ప్రశ్న ఇది. ముక్కల్ని కాగితం అచ్చుల మీద మడిచి అంచులు కలిపే ఇంగ్లిష్ పేపర్ పీసింగ్ మేలా, గుడ్డ ఉల్టా వైపు పెన్సిల్ గీత గీసి దాని మీదే రన్నింగ్ కుట్టు వేయడం మేలా?

ముందు శ్రమ లెక్క చూద్దాం. నక్షత్రం ఆకారం వచ్చే 12 అంగుళాల ఒహాయో స్టార్ బ్లాకులో 21 ముక్కలుంటాయి. అందులోని కుట్లన్నీ కలిపితే పొడవు సుమారు 93 అంగుళాలు. అంగుళానికి 8 చొప్పున రన్నింగ్ కుట్టు వేస్తే దాదాపు 750 కుట్లు. కాగితం పద్ధతిలో అంచు మీదుగా చుట్టే కుట్టు దగ్గరగా పడాలి, అంగుళానికి 16 అయినా ఉండాలి, అంటే 1,500 దాకా వస్తాయి. దానికి ముందు 21 కాగితాలు కత్తిరించి, ఒక్కోదానికి గుడ్డ మడిచి కచ్చా కుట్టు వేసే పని వేరే. పన్నెండు బ్లాకులకు ఈ తేడా నెలల్లోకి వెళ్తుంది.

అయినా కాగితానికి ఇంత పేరు రావడానికి కారణముంది. కొలత చేతి మీద కాక అచ్చు మీద ఆధారపడుతుంది. ఆరు పలకల ముక్కలు, మూడు ముక్కలు ఒకే బిందువు దగ్గర కలిసే మూలలు ఇలా తేలిగ్గా కుదురుతాయి. ప్రింటు తీసేటప్పుడు సైజు 100 శాతం పెట్టి, కాగితం మీది అంగుళం గీతను స్కేలుతో కొలిచి చూసుకోవాలి. ‘పేజీకి సరిపడా’ అన్నది ఎంచుకుంటే అచ్చు కాస్త కుదించుకుపోయి వస్తుంది, ఆ సంగతి ఆరో బ్లాకు దాకా తెలియదు. మిగిలిపోయిన శుభలేఖలు గట్టిగా ఉంటాయని వాడేస్తుంటారు కానీ, ఇస్త్రీ వేడికి వాటి బంగారు రేకు గుడ్డకు అంటుకోవచ్చు.

అసలు తేల్చేది మాత్రం వేరే సంగతి. పేరుకు నెలకో బ్లాకైనా, చేత్తో కుట్టే ఈ క్విల్ట్ మూడు నాలుగేళ్ల పని. బ్లాకు కుట్టే రోజులకన్నా అది బీరువాలో పడి ఉండే రోజులే ఎక్కువ. కాగితం పద్ధతిలో ముక్కకు నాలుగు పక్కలా పొరుగు ముక్క కలిసేదాకా కాగితం తీయకూడదు, అంటే బ్లాకు అంచు ముక్కల్లో కాగితాలు చివరి దాకా ఉండిపోతాయి. గ్లూ స్టిక్‌తో అంటించిన మడత ఏళ్ల తర్వాత గట్టిపడి సూది దిగడానికి మొరాయిస్తుంది, కాగితం పీలికలుగా చిరిగి లోపలే ఉండిపోతుంది. కోస్తా ఉక్కపోతలో ఆ జిగురుకు చెమ్మ, పురుగు రెండూ చేరతాయి. కాగితమే కావాలంటే జిగురు మానేసి కచ్చా కుట్టు వేయండి. సూది కాగితంలోకి దిగకుండా మూలల దగ్గర గుడ్డ మడతల్ని మాత్రమే పట్టుకోవాలి.

గీత పద్ధతిలో ఏ రాత్రి ఆపినా చేతిలో ఉండేది గుడ్డే. ఆరు నెలల తర్వాత తీసినా మెత్తగానే ఉంటుంది. బొంత కుట్టు తెలిసిన చేతికి కొత్తగా నేర్చుకునేదీ తక్కువే. కుట్టు గీత చివర్లోనే ఆగాలి, గీతకు బయట వదిలిన పావు అంగుళం మార్జిన్‌లోకి పోకూడదు. మార్జిన్లు ఎదురైన చోట వాటిని కుట్టేయకుండా పక్కకు తోసి, సూదిని కింద నుంచి అవతలికి దాటించి, అక్కడో వెనక కుట్టు వేసి ముందుకు సాగాలి. ప్రతి అంగుళానికీ ఒక వెనక కుట్టు వేస్తే దారం సడలదు. 10వ నంబరు షార్ప్స్ సూది, 18 అంగుళాలు మించని నూలు దారం చాలు.

దీని లోపం కొలత పక్కకు జరిగిపోవడం. గీత అర మిల్లీమీటరు పక్కకు పడితే, కుట్టుకు రెండు ముక్కలు కాబట్టి మిల్లీమీటరు తేడా. అడ్డంగా ఎనిమిది ముక్కలున్న బ్లాకులో ఏడు కుట్లు, ఏడు మిల్లీమీటర్లు, పావు అంగుళం దాటినట్టే. రెండేళ్ల కిందటి బ్లాకు పక్కన ఈ ఏటి బ్లాకు పెట్టినప్పుడు బయటపడేది ఇదే. అందుకే అట్ట అచ్చు వద్దు, గీసీ గీసీ దాని అంచు అరుగుతుంది. పారదర్శక ప్లాస్టిక్ షీటుతో అచ్చు చేసి, చివరి బ్లాకు దాకా అదే వాడండి. పెన్సిల్ 0.5 మెకానికల్‌ది అయితే మొన లావెక్కదు. బ్లాకు బయటి అంచున పావు అంగుళానికి బదులు అరంగుళం వదిలి, అన్నీ పూర్తయ్యాక 12 అంగుళాల బ్లాకును చుట్టూ పావు అంగుళం కలిపి 12½ అంగుళాలకు గీత గీసి కోయండి. నక్షత్రం మొనలు అంచు దాకా వచ్చే బ్లాకులో మాత్రం ముందు మొన నుంచి పావు అంగుళం కొలిచి చూడాలి. లేదంటే జోడించినప్పుడు మొన కుట్టులోకి పోతుంది.

నా మొగ్గు గీత వైపే. ముక్క గోరంత ఉన్నప్పుడు మాత్రం లెక్క మారుతుంది. అమెరికాలో వెర్మాంట్‌లోని బెనింగ్టన్ మ్యూజియంలో ఉన్న, జేన్ స్టికిల్ అనే ఆవిడ కుట్టిన 1863 నాటి క్విల్ట్‌ను నమూనాగా పెట్టుకునేవాళ్లు నాలుగున్నర అంగుళాల బ్లాకులు 169 కుట్టాలి. అలాంటి వాటిలో ఇరుకు మూలలున్న బ్లాకులకు కాగితం, మిగతావాటికి గీత అని కలిపి వాడుకోవచ్చు. ఒకే క్విల్ట్‌లో రెండూ ఉంటే తప్పేం లేదు.

గుడ్డ మీద వేరే గుడ్డ ముక్కలు పరిచి కుట్టే అప్లిక్ బ్లాకులు పూలూ ఆకులూ ఇష్టమైనవాళ్లకు. వాటికి పై చర్చ వర్తించదు. మిషన్ కుట్టు త్వరగా అవుతుంది, అంతే.

ఏ పద్ధతైనా బ్యాక్‌గ్రౌండ్ గుడ్డ మొదట్లోనే ఒకేసారి కొనాలి. పన్నెండు బ్లాకులకూ మధ్య పట్టీలకూ 44 అంగుళాల పన్నాలో రెండున్నర మీటర్లు తీసుకుంటే ఉతుకులో కుంచించుకుపోయినా, ఒకటి రెండు ముక్కలు పాడైనా సరిపోతుంది. మళ్లీ కొన్న తానులో అదే తెలుపు దొరకదు. పెడన కలంకారీ కలిపేటట్టయితే నీళ్లలో రంగు దిగడం ఆగేదాకా ముందే విడిగా ఉతకండి. పూర్తయిన బ్లాకుల్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టకుండా ఉతికిన పాత పంచెలో చుట్టి, మడత ఒకేచోట నిలవకుండా రెండు మూడు నెలలకోసారి మార్చి మడవండి.