డొంకల ట్రాకులు కంప్యూటర్‌లో తెరవడానికి గూగుల్ ఎర్త్ మేలా, క్యూజీఐఎస్ మేలా?

మా ఊరి డొంకలన్నీ నడిచి మ్యాపులో పెట్టాలని సంక్రాంతికి వెళ్లినప్పుడు గట్టిగా అనుకున్నాను. బాబాయి తోడొచ్చాడు. ఎడ్లబండ్లు తిరిగిన రోజుల్లో ఏ డొంక ఎటు పోయేదో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు ఊళ్లో ఇప్పుడు నలుగురైనా ఉంటారో లేదో. కొన్నిచోట్ల కంపచెట్లు కమ్మేశాయి. కొన్నిచోట్ల అటూ ఇటూ మిరపచేలు జరిగి జరిగి ఒక మనిషి నడిచేంత దారే మిగిలింది. నడిచిన దారిని జీపీఎస్‌తో నమోదు చేసే యాప్ పెట్టి, ఫోన్ జేబులో వేసుకుని మూడు పూటలు తిరిగాం. అలా నమోదైన దారినే ట్రాకు అంటారు. ఆ ట్రాకులను గూగుల్ ఎర్త్ ప్రో, క్యూజీఐఎస్ (QGIS, మ్యాపు సమాచారాన్ని పట్టికలతో సహా సరిదిద్దే ప్రోగ్రామ్), జేఓఎస్ఎం (JOSM, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మార్పులు చేసే ప్రోగ్రామ్) మూడింట్లో మార్చి మార్చి తెరిచి చూశాను. మూడూ ఉచితమే. ఎర్త్ ప్రోకి ఒకప్పుడు ఏడాదికి 399 డాలర్లు కట్టాల్సి వచ్చేది, 2015 నుంచి ఊరికే ఇస్తున్నారు.

కంప్యూటర్ దాకా వెళ్లకముందే ఫోన్‌లో ఒకటి తేల్చుకోవాలి. ట్రాకును జీపీఎక్స్‌గా (GPX) దాచాలా, కేఎంఎల్‌గానా (KML)? రెండూ దారిని దాచే ఫైల్ రకాలే. నా మాట జీపీఎక్సే. అందులో ప్రతి చుక్కకూ అక్షాంశం, రేఖాంశంతో పాటు ఎత్తు, సమయం కూడా ఉంటాయి. కేఎంఎల్‌లోనూ సమయం పెట్టే పద్ధతి ఉంది కానీ, మామూలు గీతగా ఇచ్చిన కేఎంఎల్‌లో ఆకారం ఒక్కటే మిగులుతుంది. ఏ చుక్క దగ్గర ఎప్పుడున్నామో పోయాక మళ్లీ తెచ్చుకోలేం. జీపీఎక్స్ ఉంటే కేఎంఎల్ ఎప్పుడు కావాలంటే అప్పుడు చేసుకోవచ్చు. ఓస్మాండ్, జీపీఎస్‌లాగర్ లాంటి యాప్‌లు జీపీఎక్స్ ఇస్తాయి. ఆ యాప్‌కి బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు ఇవ్వడం మాత్రం మర్చిపోవద్దు. మొదటి రోజు నేను మర్చిపోయాను. స్క్రీన్ ఆగిపోగానే ఫోన్ యాప్‌ని నిద్రపుచ్చింది. ఇంటికొచ్చి తెరిస్తే చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తిన్నగా గీత! "ఏందిరా, మనం నీళ్ల మీద నడిచామా?" అన్నాడు బాబాయి. ఆ పూట మళ్లీ నడవాల్సి వచ్చింది.

ఎర్త్ ప్రోలో పని తేలిక. ఫైల్ లాగి పడేస్తే ఉపగ్రహ చిత్రం మీద దారి కనిపిస్తుంది. తెరిచేటప్పుడు ఎత్తులను నేల మట్టానికి సర్దమంటారా అని అడుగుతుంది, అక్కడ టిక్ పెట్టండి. జీపీఎస్ ఎత్తును లెక్కకట్టేది భూమికి ఊహించిన ఒక నున్నటి ఆకారం మీద నుంచి, సముద్రమట్టం నుంచి కాదు. మన దగ్గర ఆ రెంటికీ తేడా 60 మీటర్లకు పైమాటే. యాప్ ఆ తేడా సర్దకుండా ఇచ్చిందంటే గీత భూమిలోకి దిగిపోయి కనపడదు, ఫైల్ పాడైందని మనం కంగారు పడతాం.

ఎర్త్ ప్రోలో నాకు ప్రాణం లాంటిది పాత చిత్రాలు చూపించే గడియారం బొమ్మ. ఇవాళ కంపలో మునిగిపోయిన డొంక వెనకటి చిత్రాల్లో తెల్లగా, బండి తిరిగిన దారిలా కనపడింది. ఆ ఒక్క సదుపాయం కోసమైనా దాన్ని కంప్యూటర్‌లో ఉంచుకోవాలి. చూడడం దాటి ట్రాకును సరిదిద్దబోతేనే చిక్కు.

బాబాయి దారిలో వేపచెట్టు కింద ఎవరితోనో మాట్లాడుతూ 20 నిమిషాలు నిలబడ్డాడు. మేం కదల్లేదు గానీ జీపీఎస్ ఊరుకోలేదు, చెట్టు చుట్టూ సాలెగూడు అల్లేసింది. ఆ గూడు పొడవంతా డొంక పొడవులో కలిసిపోయింది. క్యూజీఐఎస్‌లో అదే జీపీఎక్స్‌ని పడేస్తే ఏ పొరలు (లేయర్లు) కావాలని అడుగుతుంది. ట్రాకులు, ట్రాక్ పాయింట్లు రెండూ తీసుకున్నాను. పాయింట్ల పట్టిక తెరిస్తే ప్రతి చుక్కకూ ఒక వరస. ఆ 20 నిమిషాల చుక్కలను సమయం చూసి ఎంచి తీసేశాను, మిగిలినవాటిని కలిపి మళ్లీ గీత చేశాను. అంతకంటే ముందు పొరను జియోప్యాకేజ్‌గా (క్యూజీఐఎస్‌లో దిద్దుకోవడానికి వీలైన మరో ఫైల్ రకం) సేవ్ చేసుకోవాలి, అసలు జీపీఎక్స్ జోలికి పోకూడదు. సమయం చూసి గాభరా పడకండి. అది అంతర్జాతీయ సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక. పొద్దున 6కి బయల్దేరితే 00:30 అని ఉంటుంది. 5కి బయల్దేరితే తేదీ కూడా నిన్నటిదే.

పొడవు మీటర్లలో రావాలంటే పొరను యూటీఎంలోకి (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) మార్చుకోండి. 78, 84 డిగ్రీల రేఖాంశాల మధ్య ఉన్నవాళ్లకు 44వ జోన్, అంటే తెలుగు రాష్ట్రాల్లో చాలా భాగానికి అదే. అనంతపురం, జహీరాబాద్ వాళ్లకు 43.

క్యూజీఐఎస్ నేర్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది, మొదట్లో ఆ మెనూలు చూస్తేనే టెన్షన్. అయినా రెంటిలో ఒకటే ఎంచుకోమంటే అదే ఎంచుకుంటాను. పది ట్రాకులు దాటాక పట్టిక లేకుండా పని నడవదు.

జేఓఎస్ఎం దారి వేరు. ఎవరైనా చేర్పులు చేయగల ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఊరి దారి చేర్చాలంటే అదే మంచిది. ట్రాకును అడుగున పెట్టుకుని దాని మీద దారి గీస్తాం. ఉపగ్రహ చిత్రం నాలుగు మీటర్లు పక్కకు జరిగి ఉంటే అదీ ట్రాకుల వల్ల బయటపడుతుంది. ట్రాకునే అప్‌లోడ్ చేసేటట్టయితే మీ ఇంటి గుమ్మం దగ్గరి ముక్క కత్తిరించండి.

ఏది వాడినా ఫోన్ ట్రాకుతో గట్టు తగాదా తీర్చబోకండి. ఆరుబయట కూడా ఫోన్ 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. 100 మీటర్ల గట్టు పొడవునా 5 మీటర్లంటే 500 చదరపు మీటర్లు, 12 సెంట్ల పైనే. దానికి ఎఫ్ఎంబీ (పొలాల కొలతలుండే సర్వే పుస్తకం) పట్టుకొచ్చిన సర్వేయరే కొలవాలి.

చివరికి క్యూజీఐఎస్ పట్టికలో 'డొంక పేరు' అని ఒక గడి కలిపాను. బాబాయి పక్కన కూర్చుని చెప్పాడు: తాటితోపు డొంక, పాతరేవు డొంక, గంగానమ్మ డొంక. నాలుగోదాని పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పడమటి వీధి పెద్దాయనకు తెలిసి ఉంటుందని చెప్పులేసుకుని వెళ్లాడు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.