మల్కాపురం వరండా దాకా: విశాఖలో మూడు రోజులు

సికింద్రాబాదులో మంగళవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు తెల్లవారుతుండగా విశాఖపట్నంలో దిగాం. అమ్మ, నేను, మావారు, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి. నాన్నగారి సంవత్సరీకం పెట్టి అప్పటికి పది రోజులైంది. ఆయన 15 ఏళ్ళు నౌకాదళంలోనూ, ఆ తర్వాత షిప్‌యార్డులోనూ పనిచేసి మల్కాపురంలో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇల్లు ఇప్పుడు అద్దెకిచ్చాం కనుక, నేను పుట్టి పెరిగిన ఊళ్ళో మొదటిసారి గది వెతుక్కోవలసి వచ్చింది.

అమ్మ సముద్రం చూస్తూ కూర్చుంటుందని బీచ్ రోడ్డులో ఒక హోటల్ ముందుగానే మాట్లాడుకున్నాను. రోజుకు 4,200 రూపాయలు. ఫోటోలో కిటికీ నిండా సముద్రం కనిపించింది. తీరా వెళ్ళి పరదా తీస్తే పక్క భవనం ఏసీ పెట్టెలు కనిపించాయి. దానికైనా సర్దుకునేవాళ్ళం గానీ, లిఫ్టు మధ్యాహ్నానికే ఆగిపోయింది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ మూడంతస్తులు మెట్లెక్కాక, ఎప్పటికి బాగవుతుందని అడిగితే కౌంటరులో అబ్బాయి తలెత్తకుండానే ‘మెకానిక్ వస్తాడండీ’ అన్నాడు. మర్నాడు ఉదయం ఖాళీ చేసి, ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గరగా ఉన్న ఒక పాత లాడ్జికి మారాం. అక్కడ 1,600 రూపాయలకే కింది అంతస్తులో గది ఇచ్చారు, పొద్దున్నే బకెట్లతో వేడినీళ్ళు తెచ్చి పెట్టారు. గోడలకు వెల్ల వేసి ఎన్నేళ్ళయిందో తెలియదు గానీ దుప్పట్లు ఉతికినవే. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు సముద్రం మాట పక్కనపెట్టి, ముందు కింది అంతస్తు ఉందా అని అడగడం మేలు.

మొదటి రోజు మధ్యాహ్నం రామకృష్ణా బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి చూశాం. నాన్నగారు జలాంతర్గామిలో పనిచేయలేదు. ఆయన 1971 పాకిస్తాన్ యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్‌లో స్టోకరు, అంటే బాయిలర్లు చూసుకునే నావికుడు. ఆ ఓడను 1997లో సర్వీసు నుంచి తప్పించి ముంబైలో కొంతకాలం మ్యూజియంగా ఉంచి, 2014లో తుక్కుకు అమ్మేశారు. తాత పనిచేసిన ఓడ చూపించమంటే చూపించడానికి ఏమీ మిగలలేదు కనుక, ఆ యుద్ధం నాటిదే అయిన కురుసురతో సరిపెట్టాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఈ పడవ 91 మీటర్ల పొడవుంటుంది. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. సుమారు 75 మంది ఆ ఇరుకులోనే రోజుల తరబడి ఉండేవారు. విశాఖలో మేము చూసిన వాటన్నిటిలోకీ సేవ బాగున్నది ఇక్కడే, ఎందుకంటే చూపించేవాళ్ళు విశ్రాంత నావికులే. బట్టీపట్టిన పాఠంలా కాకుండా, వంటగది దగ్గర ఆగి, ఉప్పునీటి స్నానం గురించి నవ్వుతూ చెప్పారు. నాన్నగారు స్టోకరని అమ్మ చెప్పగానే, మాకు చూపిస్తున్న పెద్దాయన మావాణ్ణి ఇంజను గదిలో నిలబెట్టి, ‘బాయిలరు గదితో పోలిస్తే ఇది చల్లటి చోటు బాబూ’ అన్నారు. సోమవారం సెలవు, శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. రోడ్డుకు అవతల ఉన్న టీయూ-142 విమానం కూడా చూడదగ్గదే, కానీ కురుసుర చూసి వచ్చాక అది కాస్త తేలిపోయింది.

అక్కడికి నడక దూరంలోనే 1971 యుద్ధ స్మారకం ఉంది. 1996లో కట్టారు. నాన్నగారు ప్రతి డిసెంబరు 4న, నేవీ డే నాడు, ఇస్త్రీ చొక్కాకు పతకాలు పెట్టుకుని ఇక్కడికి వచ్చి, రెండు నిమిషాలు నిలబడి వెళ్ళిపోయేవారు. యుద్ధం కథ చెప్పమంటే, ‘నేను బాయిలరు దగ్గర ఉన్నాను, పైన ఏం జరిగిందో మీలాగే నేనూ రేడియోలో విన్నాను’ అనేవారు. విక్రాంత్ బాయిలర్లు నాలుగింటిలో ఒకటి అప్పటికే పగిలి ఉంది. మిగిలిన మూడింటితో ఓడను నడిపి, విమానాలు లేవడానికి సరిపడే వేగం రాబట్టడమే ఆయన చూసిన యుద్ధం. ఆ ఓడను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తానీ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరానికి దగ్గరలో మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు ఉంది. ఘాజీని మన రాజ్‌పుత్ నౌక ముంచిందని మనవాళ్ళూ, లోపలి పేలుడు వల్ల మునిగిందని వాళ్ళూ చెబుతారు. ఎవరైనా నాన్నగారి ముందు ఆ మాట ఎత్తి చప్పట్లు కొడితే, ‘అందులోనూ స్టోకర్లు ఉన్నారయ్యా’ అని లేచి వెళ్ళిపోయేవారు.

మర్నాడు గురువారం. మార్గశిర గురువారం అంటే విశాఖలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి ఊరంతా కదులుతుంది. గర్భగుడికి పైకప్పు లేకపోవడం, భక్తులే స్వయంగా అమ్మవారిని తాకి పూజ చేసుకోవడం అక్కడి విశేషం. వరుసలో మూడు గంటలు నిలబడ్డాం. మంచినీళ్ళ ఏర్పాటు బాగుంది, కూర్చునే చోటు మాత్రం చాలదు. ఏటా ఈ వరుసల్లో నీళ్ళ గ్లాసులు అందించిన వాళ్ళలో నాన్నగారూ ఒకరు. స్టోకరు చెయ్యి కదా, నిండు డ్రమ్ము ఒక్కడే పక్కకు జరిపేవాడని అమ్మ వరుసలో వాళ్ళకు చెబుతుంటే విన్నాను. ఇంట్లో ఆ చెయ్యే నా జడలు వేసింది. అమ్మ పొద్దున షిఫ్టు నర్సు కనుక, బడికి వెళ్ళే నాకు జడ వెయ్యడం ఆయన వంతు. రిబ్బను ముడి ఓడ తాడు ముడిలా ఉండేది, సాయంత్రం విప్పాలంటే ఇద్దరు కావాలి.

శుక్రవారం కాంప్లెక్స్ నుంచి సిటీ బస్సులో సింధియా వైపు వెళ్ళాం. ఆటోవాళ్ళు చెప్పిన ధరకు బస్సులో పదోవంతు కూడా కాలేదు. 1941లో షిప్‌యార్డు మొదలుపెట్టిన సింధియా కంపెనీ పేరే ఆ పేటకు నిలిచిపోయింది. మల్కాపురంలో మా వీధి ఏమీ మారలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేసినప్పుడు, కరెంటు లేక మోటార్లు తిరగని ఆ రోజుల్లో మా పెరట్లో చేతిపంపు ఒక్కటే వీధికి ఆధారమైంది. నాన్నగారు సుద్దముక్కతో బిందెల మీద నంబర్లు వేసి, ఇంటికి రెండు బిందెల చొప్పున కొట్టించారు. మా ఇంటి నంబరు ఎప్పుడూ ఆఖరుదే. దాని మీద అమ్మకు ఇప్పటికీ కోపమే.

వరండాలో కిటికీ చువ్వకు దారంతో కట్టిన పెన్సిలు అలాగే ఉంది. నవంబరు వస్తే, బతికే ఉన్నామని పింఛనుదారులు ఇచ్చే జీవన ప్రమాణ పత్రాలు నింపి పెట్టడానికి నాన్నగారు కట్టుకున్నది. కాగితాలు పోయి అంతా రక్షణశాఖ పింఛన్ల పోర్టల్ స్పర్శ్‌లోకి వెళ్ళాక కూడా, ఫోను తెచ్చి చూపించి అడిగేవాళ్ళు ఆగలేదట. పంతులుగారి ఇల్లు అనుకుని వచ్చేవాళ్ళు కూడా ఉన్నారని అద్దెకున్న అమ్మాయి నవ్వింది. మేం కాఫీ తాగుతుండగానే పక్క వీధి నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. భర్త నేవీలో చేసి పోయాడు, వేలిముద్ర మిషను మీద పడడం లేదు, గడువు దాటితే పింఛను ఆగిపోతుందని భయం. అమ్మ కప్పు కింద పెట్టి, నాన్నగారి కుర్చీలో కూర్చుని ఆమె చెయ్యి తీసుకుంది. ‘రాత్రి కాస్త కొబ్బరినూనె రాసుకుని పడుకో, పొద్దున సబ్బుతో కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని వెళ్ళు. ఒక వేలు పడకపోతే ఇంకో వేలు పెట్టమని అడుగు. వీళ్ళ నాన్న అందరికీ అదే చెప్పేవారు’ అంది. తర్వాత ఆమె పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) నంబరు ఒక చీటీ మీద పెద్ద అంకెలతో రాసి ఇచ్చింది, ఆ దారం పెన్సిలుతోనే.

గోదావరి సాయంత్రం ఐదు దాటాక బయలుదేరుతుందని తెలిసినా, అమ్మ నాలుగు వరకు ఆ కుర్చీ దిగలేదు. అప్పటికి వరండాలో మరో ముగ్గురు కూర్చున్నారు.