అల్జీమర్స్‌కు రక్తంలో ఎపిజెనెటిక్ సూచిక: మిథైలేషనా, మైక్రో ఆర్‌ఎన్‌ఏనా, ఏది మేలు?

అల్జీమర్స్‌ను రక్తంలో పసిగట్టడానికి ఎపిజెనెటిక్ (జన్యువుల అక్షరాలు మారకుండానే అవి పనిచేసే తీరు మారడాన్ని చదివే) పరిశోధకులు ప్రధానంగా రెండు దారులు పట్టారు. తెల్లరక్తకణాల డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను (జన్యువుల పనితీరును మార్చే రసాయన గుర్తులు; వీటి చేరికే మిథైలేషన్) చదవడం ఒకటి, ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) తిరుగుతూ జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ముక్కలైన మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కొలవడం రెండోది. ఏది మేలో తేల్చాలంటే, తీసిన రక్తంలో మెదడు జాడ ఎంత ఉందో ముందు చూడాలి.

మిథైలేషన్ బలం దాని నిలకడలో ఉంది. ఏళ్ల తరబడి ఫ్రీజర్‌లో దాచిన డీఎన్‌ఏలోనూ ఆ గుర్తులు చదవవచ్చు. కానీ అవి రక్తకణాల గుర్తులే తప్ప నాడీకణాలవి కావు. 2014లో వెలువడిన ఒక అధ్యయనం, జ్ఞాపకశక్తికి కీలకమైన మెదడు భాగం ఎంటోరైనల్ కార్టెక్స్‌లో వ్యాధి తీవ్రతతో పాటు ఏఎన్‌కే1 జన్యువు వద్ద మిథైలేషన్ పెరుగుతుందని చూపింది. అదే వ్యక్తుల నుంచి బతికుండగా తీసిన రక్తంలో మాత్రం ఆ మార్పు లేదు. నా దృష్టిలో ఈ దారికి ఇంతకన్నా పెద్ద అభ్యంతరం లేదు. పైగా, ఇన్‌ఫెక్షన్‌తో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు పెరిగినా అంకెలు కదులుతాయి. పొగతాగే అలవాటు కూడా ఏహెచ్‌ఆర్‌ఆర్ జన్యువు మీద ముద్ర వేస్తుంది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలలో కొన్ని సూక్ష్మమైన పొర సంచుల్లో మెదడు నుంచి రక్తంలోకి చేరగలవు కనుక, ఆశ ఇక్కడే ఎక్కువ. ఇబ్బంది సూది దగ్గరే మొదలవుతుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే ప్లాస్మా గులాబీ రంగుకు తిరుగుతుంది, వాటిలోని మిర్-451, మిర్-16 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అందులోకి వచ్చి కొలతను చెడగొడతాయి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన ట్యూబులో తీస్తే, వీటిని కొలిచే పీసీఆర్ పరీక్ష సరిగా నడవదు, అందుకే గడ్డకట్టకుండా ఆపే మరో రసాయనం ఈడీటీఏ ఉన్న, ఊదా మూత ట్యూబు వాడాలి.

వేలమందిని ఏళ్లపాటు గమనించే పరిశోధనకు నేను మిథైలేషన్‌నే ఎంచుకుంటాను. మతిమరుపుతో డాక్టర్ ముందు కూర్చున్న మనిషికి మాత్రం నేటికి ఈ రెండూ సరిపోవు. ఆ పనికి నాడీకణాల టౌ ప్రోటీన్‌ను కొలిచే పీ-టౌ217 పరీక్షే మేలు. స్వీడన్‌లో 1,213 మందిపై జరిగి 2024లో ప్రచురితమైన అధ్యయనంలో, దానిని రక్తంలోని రెండు రకాల అమిలాయిడ్ ప్రోటీన్ల నిష్పత్తితో కలిపి చూసిన పరీక్ష, అల్జీమర్స్ ఉందో లేదో సుమారు 90 శాతం సరిగ్గా గుర్తించింది. ప్రాథమిక వైద్యుల అంచనా 61 శాతం, నిపుణులది 73 శాతం దగ్గర ఆగింది.

ఎపిజెనెటిక్స్‌కు నేను చూసే అసలు అవకాశం మూడో దారిలో ఉంది. చనిపోతున్న నాడీకణాలు రక్తంలోకి వదిలే డీఎన్‌ఏ ముక్కల మీది మిథైల్ గుర్తులు, ఆ ముక్క ఏ కణంలోంచి వచ్చిందో చెప్పగలవు. అవి అతి స్వల్పంగా ఉండి త్వరగా మాయమవుతాయి కాబట్టి, వాటిని పట్టుకోగల సున్నితమైన పద్ధతి ముందు కుదరాలి.